అమెరికా నుంచి బెంగళూరుకు: పెట్టెలు కట్టే ముందు తేల్చుకోవాల్సినవి

వెనక్కి వచ్చేద్దామని ఇంట్లో తీర్మానం కాగానే చాలామంది అట్టపెట్టెలు కొనడం మొదలుపెడతారు. సామాను చివర్లో చూసుకున్నా మునిగిపోయేదేం లేదు. అమెరికా ఫోన్ నంబరు, అక్కడి చిరునామా చేతిలో ఉండగానే అయ్యే పనులు కొన్ని ఉంటాయి. విమానం ఎక్కాక అవే పనులకు నెలలు పడతాయి, కొన్నయితే ఇక కావు. ఆరు నెలల ముందు నుంచి వాటి సంగతే చూడండి.

దిగే తేదీ

ఇక్కడి పన్ను లెక్క ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. ఆ ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉంటే పన్ను దృష్టిలో మీరు రెసిడెంట్, అంటే ఇక్కడి నివాసి. అంతకు ముందు నాలుగేళ్ళలో ఇక్కడ గడిపిన రోజులు మొత్తం 365కు చేరితే 60 రోజులకే ఆ ముద్ర పడొచ్చు. ఏటా ఓ నెల వచ్చి వెళ్ళేవాళ్ళకు ఆ బాధ లేదు. వాళ్ళు అక్టోబరు రెండో వారంలో దిగితే మార్చి 31కి 182 నిండవు, ఆ ఏడాది నాన్ రెసిడెంట్‌గానే గడిచిపోతుంది. లెక్క తప్పేది ఎక్కడంటే, స్కూలు సీటు కోసమని మేలో వచ్చిన రెండు వారాలను మర్చిపోతారు. అవీ కలుస్తాయి. దిగిన రోజు, తిరిగి ఎక్కిన రోజు రెండూ కలుపుకోండి. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, స్టాంపులు చూస్తూ కాగితం మీద కూడండి.

రెసిడెంట్ అయినంత మాత్రాన అమెరికా ఆదాయం మీద వెంటనే ఇక్కడ పన్ను పడదు. గత 10 ఏళ్ళలో 9 ఏళ్ళు నాన్ రెసిడెంట్‌గా ఉన్నవాళ్ళకు, లేదా గత 7 ఏళ్ళలో ఇండియాలో 729 రోజులు మించని వాళ్ళకు ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే గానీ మామూలు రెసిడెంట్ కాదు) హోదా వస్తుంది. పదేళ్ళు పైబడి బయటున్నవాళ్ళకు మామూలుగా రెండేళ్ళు, కొందరికి మూడేళ్ళు దొరుకుతుంది. ఆ గడువులో అక్కడి వడ్డీ, డివిడెండ్, షేర్ల లాభం ముందు అక్కడి ఖాతాలోనే పడితే ఇక్కడ పన్ను లేదు. కంపెనీ షేర్లు అమ్మాలనుకుంటే ఈలోపే అమ్మేయండి. గడువు దాటాక విదేశీ ఖాతాలు, షేర్లు అన్నీ రిటర్నులో చూపాలి. దాస్తే నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు.

ఇక బెంగళూరు స్కూళ్ళు మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు, అడ్మిషన్లు అంతకు ముందు అక్టోబరు, నవంబరు నుంచే నడుస్తాయి. పన్ను క్యాలెండరుకు, పిల్లల క్యాలెండరుకు పొత్తు కుదరదు. కుదరనప్పుడు మా ఓటు స్కూలుకే. జూన్‌లో దిగినా ఆర్‌ఎన్‌ఓఆర్ ఎలాగూ ఉంటుంది.

ఫోన్ నంబరు

నిజంగా ఏడిపించేది ఇదే. బ్యాంకు, బ్రోకరేజీ, 401కె రిటైర్మెంట్ ఖాతా, ఆఖరికి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఖాతా కూడా ఓటీపీని ఆ నంబరుకే పంపుతాయి. చాలామంది బయల్దేరే ముందు రోజు లైను రద్దు చేయించి, తర్వాత నంబరు మార్చుకోవాలని చూస్తారు. రద్దయిన నంబరును ఎవరూ పోర్ట్ చేయరు. లైను బతికుండగానే పోర్ట్ పెట్టాలి.

రెండు దారులున్నాయి. ఒకటి గూగుల్ వాయిస్ అనే ఇంటర్నెట్ ఫోన్ సేవ: 20 డాలర్లు ఒక్కసారి కడితే నంబరు అక్కడికి మారుతుంది, నెలవారీ ఖర్చు ఉండదు. కాకపోతే కొన్ని బ్యాంకులు ఇంటర్నెట్ నంబర్లకు ఓటీపీ పంపవు. రెండోది వైఫై కాలింగ్ ఉన్న చౌక ప్రీపెయిడ్ ప్లాన్. ఏ దారైనా ప్రయాణానికి రెండు నెలల ముందే మారిపోయి, ఒక్కో ఖాతాలోకి లాగిన్ అయి కోడ్ వస్తోందో లేదో చూసుకోండి. రానిచోట కోడ్‌ను ఫోన్లోనే తయారుచేసే అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. అది ఒకే ఫోన్లో ఉంటే ఫోను పోయిన రోజు అన్నీ పోయినట్టే, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

చిరునామా కూడా ఇలాంటిదే. జీతం, ఇతర ఆదాయాల పన్ను ఫారాలు డబ్ల్యూ-2, 1099 జనవరి, ఫిబ్రవరుల్లో వస్తాయి. అన్నిటినీ ఆన్‌లైన్‌కు మార్చండి, ఉత్తరాలకు నమ్మకమైన బంధువుల అడ్రసు ఇవ్వండి. బ్రోకరేజీతో మాత్రం దాచకుండా ముందే మాట్లాడండి: ఇండియాలో ఉండేవాళ్ళ ఖాతాలను కొన్ని సంస్థలు స్తంభింపజేస్తాయి, కొన్ని మూసేస్తాయి. 401కెను తొందరపడి తీయకండి. 59½ ఏళ్ళలోపు తీస్తే పన్ను మీద ఇంకో 10 శాతం పోతుంది.

ఇక్కడి బ్యాంకు

పన్ను లెక్క వేరు, విదేశీ మారక చట్టం ఫెమా లెక్క వేరు. ఉండిపోవడానికని దిగిన రోజు నుంచే ఫెమా దృష్టిలో మీరు రెసిడెంట్. ఎన్‌ఆర్‌ఐగా తెరిచిన ఎన్‌ఆర్‌ఈ ఖాతాను అలాగే నడపకూడదు, బ్యాంకుకు చెప్పి మామూలు ఖాతాగానో, డాలర్లు డాలర్లుగానే ఉండాలంటే ఆర్‌ఎఫ్‌సీగానో మార్పించాలి. విదేశీ కరెన్సీలో వేసిన ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లు గడువు తీరేదాకా ఉంచుకోవచ్చు. అక్కడ ఉన్నప్పుడు కొన్న ఆస్తులు, షేర్లు అక్కడే ఉంచుకోవడానికి ఫెమా ఒప్పుకుంటుంది.

కాగితాలు

అమెరికాలో పుట్టిన పిల్లల ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) చేతికొచ్చాకే టికెట్లు కొనండి. వాళ్ళ ఆధార్‌కు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. ఇండియన్ పాస్‌పోర్టున్న మీకు ఆ నిరీక్షణ లేదు. జనన ధ్రువపత్రాలు, టీకాల కార్డు, స్కూలు రికార్డు సీల్డు కాపీలు రెండేసి తీసుకోండి. మీ పాన్‌ను రెసిడెంట్‌గా మార్పించి ఆధార్‌తో కలపాలి. ఎన్‌ఆర్‌ఐగా ఉన్నప్పటి మినహాయింపు ఇక వర్తించదు.

సామాను

ప్రతి పరికరాన్నీ తిప్పి వెనకున్న చిన్న స్టిక్కరు చదవండి. "ఇన్‌పుట్ 100-240వి, 50/60 హెర్ట్జ్" అని ఉంటే తీసుకురండి, ప్లగ్గు మారిస్తే చాలు. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లు ఈ కోవలోవే. "120వి, 60 హెర్ట్జ్" అని మాత్రమే ఉంటే అమ్మేయండి. ఇక్కడి 230 వోల్టులకు పెడితే క్షణంలో పొగ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడతామంటారు గానీ అది వోల్టేజీని తగ్గిస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. 60కి చేసిన కొన్ని రకాల మోటార్లు 50 దగ్గర నెమ్మదించి వేడెక్కుతాయి.  దోసెల పిండికి అసలు అక్కడి ఖరీదైన బ్లెండర్ల కన్నా ఇక్కడి గ్రైండరే మేలు.

ఓడలో పంపే సరుకు మామూలుగా చెన్నై రేవులో దిగి బెంగళూరు వస్తుంది, మొత్తం రెండు మూడు నెలలు పట్టొచ్చు. కొటేషన్ తీసుకునేటప్పుడు అడగాల్సింది ఒక్కటే: రేవు చార్జీలు, సరుకు విడిపించే డెలివరీ ఆర్డర్, మెట్లెక్కించే కూలీ కలిసే ఉన్నాయా? "డోర్ టు డోర్" అని కాగితం మీద రాసివ్వాలి. లేకపోతే చెన్నైలో ఇంకో బిల్లు చేతిలో పెడతారు. ప్రతి పెట్టెకూ నంబరు వేసి జాబితా రాయండి: "12 - స్టీలు గిన్నెలు, వాడినవి, 40 డాలర్లు". ఉత్త "వంటసామాను" అని రాసిన పెట్టెనే కస్టమ్స్‌వాళ్ళు విప్పుతారు. మకాం మార్చుకుని వచ్చేవాళ్ళ సామానుకు సుంకంలో ఇచ్చే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ మినహాయింపు మీరు బయట ఎన్నాళ్ళున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. బుక్ చేసే వారంలో కస్టమ్స్ సైట్లో పరిమితులు చూసుకోండి. కారు ఆలోచన వదిలేయండి, ఎడమచేతి స్టీరింగు బండిని దిగుమతి చేసుకోనివ్వరు.

దిగాక

మొదటి నెల సర్వీస్ అపార్ట్‌మెంట్లో ఉండి ఇల్లు వెతకండి. అడ్వాన్స్ కింద ఆరు నుంచి పది నెలల అద్దె అడిగే ఓనర్లు ఇంకా ఉన్నారు, బేరం ఆడితే దిగుతారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకుంటారు, అగ్రిమెంటులో ఆ వాక్యం వెతకండి. అన్నిటికన్నా ముందు నీళ్ళ సంగతి అడగండి: కావేరి కనెక్షనా, బోరా, ట్యాంకరా? 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు ఈ తేడా అందరికీ తెలిసొచ్చింది. వాచ్‌మన్‌ను అడిగితే ఓనరుకన్నా నిజం చెబుతాడు. అనంతపురం, చిత్తూరు వైపు అమ్మానాన్నలున్నవాళ్ళు ఇల్లు ఎంచుకునేటప్పుడు ఊరు దాటి వెళ్ళే దారి కూడా చూసుకోండి. శుక్రవారం సాయంత్రం అనంతపురం దారిలో హెబ్బాళ దాటడానికే గంట పోతే ఆ దగ్గరతనం మిగలదు.

ఆరోగ్య బీమా మొదటి వారంలోనే తీసుకోండి. మామూలు జబ్బులకే 30 రోజులు ఆగాలి, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా పట్టొచ్చు. ఆ గడియారం పాలసీ తీసుకున్న రోజు నుంచే తిరుగుతుంది. షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయాలి, క్లెయిములు తిరగ్గొట్టేది అక్కడే. పాత డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే ఆర్‌టీఓ దగ్గర మళ్ళీ టెస్ట్ ఇవ్వాల్సిందే. ఎడమవైపు నడపడం చేతికొచ్చేదాకా ఆ టెస్ట్ స్లాటు బుక్ చేయకండి.