జాంబీ గేమ్ సీక్వెల్ సమీక్షలను ఎలా చదవాలి

జాంబీ యాక్షన్ గేమ్‌కు రెండో భాగం విడుదలైన రోజున ఎవరైనా ముందుగా వెతికేది స్కోరునే. ఆ అంకె కంటపడగానే గేమ్ కొనాలో వద్దో తేల్చేసుకుంటాం, లేదా అభిమాన గేమ్‌కు అన్యాయం జరిగిందని బాధపడతాం. అయితే సీక్వెల్‌కు పడే మార్కుల వెనుక ఎప్పుడూ ఒక పోలిక ఉంటుంది. సమీక్షకుడు ఆ గేమ్‌ను మొదటి భాగం పక్కన పెట్టి చూశాడా, కంపెనీ ఏళ్ల తరబడి ఊరించిన ట్రైలర్ల పక్కన పెట్టి చూశాడా, అదే కాలంలో వచ్చిన ఇతర గేముల పక్కన పెట్టి చూశాడా అన్నదాన్ని బట్టి ఒకే లక్షణం ఒకచోట మెప్పు పొందుతుంది, మరోచోట లోపంగా నమోదవుతుంది. ఆ పోలికను పట్టుకుంటేనే సమీక్ష మనకు పనికొస్తుంది.

ముందు స్కోరు సంగతి చూద్దాం. విమర్శకుల మార్కులన్నిటినీ కలిపి ఒకే స్కోరుగా చూపే సైట్ మెటాక్రిటిక్. అది చూపేది మామూలు సగటు కాదు. కొన్ని ప్రచురణల అభిప్రాయానికి ఎక్కువ వెయిటేజీ ఇస్తుంది, దేనికి ఎంత ఇస్తుందో బయటపెట్టదు. గేముల విషయంలో 75, ఆపై స్కోరును ఆకుపచ్చ రంగులో, 50 నుంచి 74 వరకు పసుపు రంగులో, అంతకంటే తక్కువైతే ఎరుపు రంగులో చూపుతుంది. కాబట్టి 74కూ 75కూ మధ్య ఉన్నది ఒక్క మార్కే అయినా, చూసే కంటికి రెండూ వేర్వేరు తరగతుల గేములుగా తోస్తాయి. పైగా పీసీకీ కన్సోళ్లకూ స్కోర్లు విడివిడిగా ఉంటాయి. మీరు ఏ పరికరం మీద ఆడబోతున్నారో ఆ స్కోరునే చూడాలి.

ఆ తర్వాత సమీక్ష తెరిచి, మొదటి భాగాన్ని ప్రస్తావించిన ప్రతి వాక్యం దగ్గరా ఆగాలి. 'లెఫ్ట్ ఫర్ డెడ్ 2' ఇందుకు మంచి పాఠం. మొదటి గేమ్ 2008 నవంబరులో వచ్చింది. 2009 జూన్‌లో ఈ3 అనే గేముల ప్రదర్శనలో వాల్వ్ సంస్థ రెండో భాగాన్ని ప్రకటించి, అదే ఏడాది నవంబరు 17న విడుదల చేస్తామన్నది. మొదటి గేమ్‌కే కొత్త కంటెంట్ వస్తుందని ఎదురుచూస్తున్న ఆటగాళ్లకు ఇది మింగుడుపడలేదు. వాల్వ్ నడిపే పీసీ గేముల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఏర్పడిన బహిష్కరణ బృందంలో 40,000 మందికి పైగా చేరారు. విడుదలకు ముందే వాల్వ్ ఆ బృందం ప్రతినిధులు ఇద్దరిని తన కార్యాలయానికి రప్పించి గేమ్ ఆడించింది కూడా. తీరా గేమ్ వచ్చాక విమర్శకులు దాన్ని బాగా మెచ్చుకున్నారు. చేత పట్టి కొట్టే ఆయుధాలు, చార్జర్, స్పిట్టర్, జాకీ అనే కొత్త శత్రువులు, సవానా నుంచి న్యూ ఆర్లియన్స్ వరకు సాగే ఐదు క్యాంపెయిన్‌లు (కథా భాగాలు) కలిసి గేమ్‌ను నిండుగా మార్చాయి.

ఇక్కడ రెండు పక్షాలదీ నిజమే. విమర్శకులు తూచినది గేమ్ నాణ్యతను. ఆటగాళ్లు అడిగినది ఏడాది తిరగకుండానే మళ్లీ పూర్తి ధర ఎందుకు చెల్లించాలని. ఆ రెండో ప్రశ్నకు జవాబు చాలా సమీక్షల్లో దొరకదు. అందుకే ఎక్కువ మార్కులు పడిన సీక్వెల్‌ను చూసినప్పుడు, మీ దగ్గర మొదటి భాగం ఇప్పటికే ఉందా, దాన్ని ఇంకా ఆడుతున్నారా అన్న లెక్కను మీరే వేసుకోవాలి. సమీక్షకుడు ఆడినది ఏ దేశపు కాపీ అన్నదీ గమనించదగిన విషయమే. ఇదే గేమ్‌కు 2009లో ఆస్ట్రేలియాలో వర్గీకరణ మండలి అనుమతి నిరాకరించడంతో, అక్కడ హింస తగ్గించిన కాపీని అమ్మారు. దెబ్బ తగిలిన తీరు కళ్లకు కట్టడమే ఇలాంటి గేముల్లో సగం ఆకర్షణ కనుక, ఆ రెండు కాపీల మీద వచ్చే అభిప్రాయాలు ఒకేలా ఉండవు.

అన్నిటికంటే లోతుగా పరిశీలించవలసినది, సీక్వెల్‌లో దేన్ని మార్చారు, దేన్ని తీసేశారు అన్న విషయం. 'డెడ్ రైజింగ్' వరుసలోని గడియారం దీనికి చక్కటి ఉదాహరణ. 2006 నాటి మొదటి గేమ్‌లో ఫ్రాంక్ వెస్ట్‌కు షాపింగ్ మాల్‌లో ఉండేది 72 గంటలే. గేమ్‌లోని ఆ కాలం మన కాలం కంటే చాలా వేగంగా గడిచిపోతుంది, ఒకచోట ఆలస్యమైతే మరోచోట కథ చేజారిపోతుంది. ఆడినంతవరకు భద్రపరచుకునే సేవ్ ఒకే ఒక్కటి ఉండేది. 2010లో బ్లూ క్యాసిల్ గేమ్స్ తయారుచేసిన రెండో భాగం ఆ గడియారాన్ని అలాగే ఉంచి, సేవ్‌లను మూడు చేసింది. కథానాయకుడు చక్ గ్రీన్ తన కూతురు కేటీకి రోజూ ఉదయం 7 నుంచి 8 గంటల మధ్య, జాంబీగా మారకుండా ఆపే జాంబ్రెక్స్ మందు వేయాలి. దానితో గడియారం మీద కోపం కాస్తా తండ్రి ఆరాటంగా మారింది. ఆ మార్పు నాకు ఇప్పటికీ ఎంతో గొప్పగా అనిపిస్తుంది. బేస్‌బాల్ బ్యాట్‌కు మేకులు దిగ్గొట్టడం, పడవ తెడ్డుకు రెండు వైపులా చైన్‌సాలు బిగించడం వంటి జోడింపు ఆయుధాలను చాలామంది సమీక్షకులు మెచ్చుకున్నారు. పదేపదే వచ్చే లోడింగ్ తెరల మీద మాత్రం విసుక్కున్నారు.

2016లో వచ్చిన నాలుగో భాగం ప్రధాన కథలోంచి గడియారాన్ని తీసేసింది. ఇప్పుడు తీరికగా తిరగవచ్చని సంతోషించినవారూ ఉన్నారు, ఒత్తిడి పోవడంతో ఆ వరుస ప్రాణమే పోయిందన్నవారూ ఉన్నారు. ఇలాంటి చోట సగటు స్కోరు మనకు ఏమీ చెప్పలేదు. గడియారం మీకు ఇష్టమో కాదో ముందు మీరే తేల్చుకుని, మీ అభిరుచే ఉన్న సమీక్షకుడిని వెతుక్కోవాలి. తనకు గడియారం నచ్చదని స్పష్టంగా రాసిన సమీక్షకుడి కోపం, గడియారాన్ని ఇష్టపడే పాఠకుడికి మంచి సిఫారసు అవుతుంది.

ఇక నిరీక్షణ తెచ్చే ప్రభావం. 'డెడ్ ఐలాండ్ 2'ను 2014లో ప్రకటించారు. అది యాగర్ అనే స్టూడియో చేతి నుంచి సుమో డిజిటల్ చేతికి, అక్కడి నుంచి డంబస్టర్ స్టూడియోస్ చేతికి మారి, చివరకు 2023 ఏప్రిల్ 21న వెలువడింది. ఇన్ని చేతులు మారిన గేమ్ అసలు నిలబడుతుందా అన్న అనుమానం ఉన్నప్పుడు, నిలబడిందన్న ఊరట కూడా సమీక్షలోకి చేరుతుంది. ఆ ఊరటను పక్కనపెట్టి, గేమ్ గురించి చెప్పిన మాటలను ఏరుకోవాలి. చర్మం, కండ, ఎముక పొరలుపొరలుగా తెగేలా చూపే 'ఫ్లెష్' అనే ఏర్పాటును ఎంతోమంది మెచ్చుకున్నారు; కథ పలుచగా ఉందన్న మాట కూడా గట్టిగానే వినిపించింది. 'డైయింగ్ లైట్ 2' పరిస్థితి వేరు. విడుదలకు ముందు 2022 జనవరిలో టెక్‌ల్యాండ్ సంస్థ, గేమ్‌ను సంపూర్ణంగా పూర్తిచేయడానికి 500 గంటలు పడుతుందని ప్రకటించి, తర్వాత ప్రధాన కథకు సుమారు 20 గంటలు చాలునని వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. నిడివి గురించి సమీక్ష చెప్పే మాటను అలాంటి ప్రకటనలతో పోల్చకుండా, సమీక్షకుడు ఏ గంట దగ్గర విసుగు చెందాడో చూడాలి. జాంబీ గేమ్‌లో మనం చేసేది దాదాపు ఒకే పని కాబట్టి, తొలి గంటలో దాని రుచి ఎలా ఉందన్నదాని కంటే పదో గంటలో ఎలా ఉందన్నదే ముఖ్యం.

సాధారణ ఆటగాళ్ల రేటింగులను తేదీతో కలిపి చదవాలి. 2020 జూన్ 19న విడుదలైన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'కు మెటాక్రిటిక్‌లో విమర్శకుల స్కోరు 90 దాటగా, కథను పూర్తిచేసేంత సమయం కూడా గడవకముందే ఆటగాళ్ల రేటింగులు వేల సంఖ్యలో పడి పాతాళానికి దిగజారాయి. ఆ తర్వాతి నెలలోనే, విడుదలైన 36 గంటల వరకు ఆటగాళ్ల రేటింగులు తీసుకోకూడదన్న నియమాన్ని ఆ సైట్ పెట్టింది. విమర్శకుల సమీక్షలకూ ఓ పరిమితి ఉంది. విడుదలకు వారం ముందు వెలువడిన ఆ సమీక్షల్లో గేమ్ రెండో సగం గురించి రాయకూడదన్న ఆంక్ష ఉండేది. వివాదంలో కొంత భాగం ఆ సగం మీదే నడిచింది. కథకు ప్రాధాన్యమిచ్చే సీక్వెల్ అయితే, విడుదలైన రెండు మూడు వారాల తర్వాత వచ్చే విశ్లేషణల కోసం ఆగడం మేలు.

చదివే వరుస ఇలా పెట్టుకోండి. ఎక్కువ, మధ్యస్థ, తక్కువ మార్కులు ఇచ్చిన సమీక్షలను ఒక్కొక్కటి తీసుకుని, మూడింటిలోనూ వచ్చిన ఫిర్యాదులను ఒకచోట రాసుకోండి. వాటిలో సాంకేతిక లోపాలు ఉంటే ఆ సమీక్ష తేదీ చూసి, తర్వాత వచ్చిన ప్యాచ్‌లు (కంపెనీ విడుదల చేసే సవరణలు) వాటిని సరిచేశాయేమో కనుక్కోండి. నలుగురు కలిసి ఆడే గేమ్ అయితే, సమీక్షకుడు విడుదలకు ముందు ఖాళీ సర్వర్ల మీద ఆడాడా, జనం చేరాక ఆడాడా అన్నది చూడండి. పీసీ మీద కొనేవారు స్టీమ్‌లో మొత్తం రేటింగును కాక, గత 30 రోజుల రేటింగును విడిగా చూసి, ప్రతి అభిప్రాయం పక్కనా ఉండే ఆడిన గంటల సంఖ్యను కూడా చదవండి. అప్పటికీ సందేహం తీరకపోతే, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకముందే డబ్బు వెనక్కి అడిగే వెసులుబాటు అక్కడ ఉంది. ఆ రెండు గంటలనూ ఆరంభ సన్నివేశాలకు ఖర్చుపెట్టకుండా, వీలైనంత త్వరగా ఒక గుంపు మధ్యలోకి వెళ్లి, ఆయుధం చేతిలో ఎలా పలుకుతుందో చూడండి.