యుద్ధంలో పోయిన మన ఇంటి సిపాయి జీవితం రాయాలంటే

ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. కంప్యూటరు తర్వాత తెరవొచ్చు. రికార్డు ఏడాది ఆగుతుంది, తొంభై ఏళ్ళ మనిషి ఆగుతుందన్న నమ్మకం లేదు.

మా చిన్నతాత 1944లో బర్మాలో పోయాడు. ఆయన్ని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది మా మేనత్త ఒక్కర్తే. ఎలా పోయాడని అడిగితే, "నాకేటి తెలుసమ్మా, కాగితం వచ్చింది, అందరూ ఏడ్చారు" అని ఊరుకుంది. "సెలవుకొస్తే ఏం తినేవాడత్తా?" అన్నాక నోరు విప్పింది. చోడంబలిలోకి, అంటే రాగి అంబలిలోకి, ఎండు నెత్తళ్ళ చేపలు నంజుకునేవాడట. మిలట్రీలో చేరకముందు చిట్టివలస జనపనార మిల్లులో పని. బూట్లు చూరుకి వేలాడదీసి, పిల్లల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదట. మీరూ ఇలాంటివే అడగండి. మనియార్డరు ఎవరి పేరున వచ్చేది? ఉత్తరాలు ఎవరు చదివి పెట్టేవారు? చేరతానంటే ఇంట్లో ఎవరు అడ్డుపడ్డారు?

ఏ సంవత్సరమని మాత్రం అడక్కండి, చెప్పలేరు. విశాఖ మీద జపాను బాంబులు పడ్డప్పుడు ఊళ్ళో ఉన్నాడా అని అడగండి. అది 1942 ఏప్రిల్ 6. ఎవరి పెళ్ళికి ఉన్నాడు, ఎవరి పురిటికి లేడు అని కలుపుకుంటూ పోతే కాలం దానంతటదే తేలుతుంది.

తర్వాత ట్రంకుపెట్టె. పింఛను పుస్తకం, మనియార్డరు రసీదులు, ఫొటో వెనక రాత, అన్నీ రెండువైపులా ఫోనుతో తీసుకోండి. ఉత్తరాలకి లామినేషన్ చేయించొద్దు. పతకాల్ని చింతపండు పెట్టి తోమొద్దు. మొదటి ప్రపంచయుద్ధం పతకమైతే అంచు మీద సిపాయి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. అవి అరిగిపోతే మీ చేతిలోని ఆధారమే పోయినట్టు.

రెండు ప్రపంచయుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. మనవాళ్ళకి చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు, ఒక్క పేరే ఉంటుంది. అందుకే తండ్రి పేరుతో, ఊరి పేరుతో కూడా చూడండి. ఊళ్ళ పేర్లు తెల్లదొరలు పలికినట్టే ఉంటాయి: విజగపటం అంటే విశాఖపట్నం, బిమ్లిపటం అంటే భీమిలి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో జిల్లాలయ్యాయి కాబట్టి, అటువైపు వాళ్ళూ విజగపటం కిందే దొరకొచ్చు. దహనమైనవాళ్ళకీ, దేహం దొరకనివాళ్ళకీ సమాధి ఉండదు. బర్మా యుద్ధంలో దేహం దొరకనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద చెక్కారు, దాదాపు 27,000 పేర్లు. దహనమైనవాళ్ళకి అక్కడే వేరే స్మారకం ఉంది. ఒక జాగ్రత్త: మా వైపు నుంచి రంగం (రంగూన్) వెళ్ళి తిరిగిరానివాళ్ళంతా సిపాయిలు కారు. కూలికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. ముందు అది తేల్చుకోండి.

స్వాతంత్ర్యం తర్వాతి యుద్ధాలైతే ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో పేరు చూడండి. సర్వీసు నంబరుతో ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకి ఉత్తరం రాయండి. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఇక రాయడం. యుద్ధానికి ఒక్క పేరా చాలు. ఏ కొండ మీద, ఏ తూటాకి పోయాడో తెలియకపోతే కల్పించొద్దు. "బర్మాలో పోయాడు" అని రాసి వదిలెయ్యండి. విశాఖ బీచ్ రోడ్డులో 1971 నావికా విజయానికి 'విక్టరీ ఎట్ సీ' స్తూపం ఉంది, యుద్ధం సంగతి చెప్పడానికి అలాంటివి చాలా ఉన్నాయి. చోడంబలి సంగతి మన ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చెప్పరు.

భార్యకి మాత్రం ఒక అధ్యాయం పూర్తిగా ఇవ్వండి. ఆయన బతికింది పాతికేళ్ళే అయినా, ఆ లోటుతో ఆవిడ యాభై ఏళ్ళు బతికి ఉండొచ్చు. పింఛనుకి ఎవరు తోడెళ్ళేవారు, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే ఏమంది, ఆయన వాటా పొలం ఎవరి పేరుకి మారింది, అన్నీ రాయండి. పొలం దగ్గర మా ఇంట్లో మాటామాటా పెరిగింది. అయినా ఆ పేజీ నేను తీసెయ్యలేదు. మీకూ అలాంటి పేజీ ఉంటే ముందుగా ఆవిడ పుట్టింటివాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళు చెప్పేది కూడా చేర్చాకే అచ్చుకివ్వండి.