కరెంటు పోయి వచ్చినా మెయిల్ ఆగకుండా

బెంగళూరులో గట్టి వాన పడితే కరెంటు పోవడం మామూలే. తిరిగి వచ్చాక ఆఫీసు సర్వర్ ఆన్ అవుతుంది కానీ, ఎవరో ఒకరు లాగిన్ అయి మెయిల్ ప్రోగ్రాములు స్టార్ట్ చేసేదాకా మెయిల్ కదలదు. ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, అందుకునేది), డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ను మీ మెయిల్ యాప్‌కి అందించేది) వాడేవాళ్లు టెర్మినల్‌లో ఒక్కసారి ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ పోస్ట్‌ఫిక్స్ డవ్‌కాట్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. దీంతో ఆ రెండూ ఇప్పుడే స్టార్ట్ అవుతాయి, మెషీన్ ఆన్ అయిన ప్రతిసారీ వాటంతట అవే స్టార్ట్ అవుతాయి. ఉత్త ‘స్టార్ట్’ ఇస్తే ఇప్పటికి నడుస్తుంది, రీబూట్ అయితే మళ్లీ మొదటికే. ‘సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్ పోస్ట్‌ఫిక్స్’ అంటే ‘ఎనేబుల్డ్’ అని జవాబు రావాలి, డవ్‌కాట్‌కీ అంతే. ఆ తర్వాత సాయంత్రం అందరూ వెళ్లాక రీబూట్ చేసి, మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. నాకు ఆ పరీక్ష మీదే నమ్మకం.

కరెంటు వచ్చినా అసలు మెషీనే ఆన్ కాకపోతే మాత్రం దీనివల్ల లాభం లేదు. అప్పుడు బయోస్‌లో (మెషీన్ ఆన్ కాగానే ఉబుంటు కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) ఏసీ పవర్ లాస్ సెట్టింగ్‌ను, అంటే కరెంటు పోయి వచ్చాక మెషీన్ ఏం చేయాలో చెప్పేదాన్ని, ‘పవర్ ఆన్’కి మార్చాలి.