మధ్యాహ్నం కడుపుబ్బరం నాకు ఎలా తగ్గిందంటే

కొన్ని నెలలపాటు మధ్యాహ్నం 3 అయ్యేసరికి నా పొట్ట రాయిలా బిగిసిపోయేది, పుల్లటి తేన్పులు, ఒక్కోసారి ఛాతీలో మంట. బిళ్ల వేసుకుంటే సాయంత్రం దాకా సర్దుకునేది, మర్నాడు మళ్లీ మామూలే. ఒకరోజు టైం చూసుకున్నాను, బాక్సు మొత్తం 7 నిమిషాల్లో ఖాళీ, అదీ మెయిల్స్ చదువుతూ, ఏం కూర తిన్నానో కూడా గుర్తులేదు. కడుపు నిండిన సంగతి మెదడుకు తెలియడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది, అన్నం అరగడం నోట్లో లాలాజలంతోనే మొదలవుతుంది, నేనేమో సరిగ్గా నమలకుండానే మింగేస్తున్నాను.

ముందుగా ఆఫీసులో నా సీటు వదిలి క్యాంటీన్‌లో కూర్చోవడం మొదలుపెట్టాను, ఫోన్ డ్రాయర్‌లోనే. స్పూన్ మానేసి చేత్తో కలుపుకుని తింటే ముద్ద చిన్నదైంది, వేగం దానంతటదే తగ్గింది (నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే). ఆవకాయ అన్నం వారానికి ఒక్కరోజే, చివర్లో పెరుగన్నం మాత్రం వదల్లేదు. తిన్నాక 10 నిమిషాలు నెమ్మదిగా నడక.

మింగడం కష్టమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి. నాకలాంటివి లేవు. మొదటి వారం మీటింగుల వల్ల రెండుసార్లు హడావిడిగా తిన్నాను, ఆ రెండు రోజులూ మంట వచ్చింది, దాంతో ఒకటిన్నర నుంచి రెండు దాకా క్యాలెండర్‌లో బ్లాక్ చేసేశా. మూడో వారానికి ఉబ్బరం చాలావరకు పోయింది.