లిథియం వాడేవాళ్ల ఇంట్లో ఎండాకాలం జాగ్రత్తలు

ఇంట్లో ఎవరైనా బైపోలార్ జబ్బుకి (మనసు ఒకసారి మితిమీరిన ఉత్సాహంలోకి, ఒకసారి దిగులులోకి వెళ్లే జబ్బు) లిథియం వాడుతుంటే, ఎండలు ముదరకముందే రక్తపరీక్షలు చేయించండి. లిథియం లెవెల్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), కాల్షియం అన్నీ ఒకేసారి అయిపోతాయి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర కూడా ఉంటే, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. లేకపోతే లెవెల్ ఎక్కువ చూపించి అనవసరపు టెన్షన్.

టీఎస్‌హెచ్ ఎందుకంటే, థైరాయిడ్ గ్రంథి నుంచి హార్మోన్ విడుదల కాకుండా లిథియం అడ్డుపడుతుంది. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. మనిషి పొద్దెక్కినా లేవదు, మాట తగ్గింది, ఒళ్లు వచ్చింది, జుట్టు రాలుతోంది. ఇంట్లోవాళ్లు "మళ్లీ డిప్రెషన్" అనుకుని డిప్రెషన్ మందే పెంచమంటారు. కానీ ఆవిడ నడివేసవిలో ఫ్యాన్ తగ్గించమంటోంది! థైరాయిడ్ హార్మోన్ తగ్గితే చలి ఎక్కువేస్తుంది, అందుకే ఆ మాట వినగానే థైరాయిడ్ గుర్తుకు రావాలి. పరీక్షలో థైరాయిడ్ తగ్గిందని తేలితే పరగడుపున థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర ఇస్తారు, లిథియం మామూలుగా కొనసాగుతుంది. మీ అంతట మీరు లిథియం ఆపితే మాత్రం మేనియా (ఆ మితిమీరిన ఉత్సాహం దశ) తిరగబెట్టొచ్చు.

ఇక ఎండ సంగతి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపడం తగ్గిస్తాయి. మాత్ర అదే, రక్తంలో మోతాదు మాత్రం పెరుగుతుంది. లిథియం లెవెల్ మామూలుగా 0.6 నుంచి 1.0 mmol/L మధ్య ఉండాల్సింది 1.5 దాటిందంటే ప్రమాదమే. అందుకే బీపీ పేరు చెప్పి ఆవకాయ, ఉప్పు ఒక్కసారిగా మానిపించకండి, ముందు డాక్టరుని అడగండి. నీళ్లు ముట్టని ఉపవాసాలు వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగిస్తూ, తర్వాతి మాత్రకి ముందే డాక్టరుకి ఫోన్ చేయండి. మోకాళ్ల నొప్పులకి షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనొద్దు, పారాసిటమాల్ నయం. బీపీకి టెల్మిసార్టన్ లాంటివి కొత్తగా మొదలుపెడితే లెవెల్ మళ్లీ చూపించాలి.

కొందరికి రోజంతా దాహం, గంటకోసారి మూత్రం. నీటిని పట్టి ఉంచే హార్మోన్ మాట కిడ్నీలు వినకపోవడం వల్ల ఇలా అవుతుంది. రాత్రి లేవాల్సి వస్తోందని నీళ్లు తగ్గించమనకండి, డాక్టరుకి చెప్పండి.

చేతుల్లో సన్నటి వణుకు చాలామందికి ఉండేదే. కాఫీ తొణికేంత వణుకు, తూలిపోవడం, మాట ముద్దగా రావడం, మత్తు కనబడితే వడదెబ్బేలే అని మజ్జిగ పట్టించి పడుకోబెట్టొద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాత్రల షీటు వెంట పెట్టుకుని, లోపలికి వెళ్తూనే "లిథియం వాడుతున్నారు" అని చెప్పండి.