కంది రకం మార్చే ముందు ఎండిన కట్టెను చీల్చి చూడండి

మిరుగం దగ్గర పడింది. ఆదిలాబాద్ షాపుల్లో విత్తనాల సంచులు దిగుతున్నాయి. పెన్‌గంగ అవతల మహారాష్ట్ర నుంచి లూజు కంది గింజలు బండ్ల మీద వస్తూనే ఉన్నాయి. ఈ మాట ఇప్పుడు చెప్పకపోతే మళ్లీ డిసెంబర్‌లో చెప్పి లాభం లేదు.

పోయిన డిసెంబర్‌లో బేల మండలంలో మా మేనమామ చేనుకు పోయాను. మంచి రేగడి, పత్తిలో కంది సాళ్లు. పూత విరగబూసింది, కాయ పట్టింది, గింజ పాలుపోసుకునే వేళకు మడులు మడులుగా ఎండిపోయింది. "వాన ముందే ఆగింది అల్లుడూ" అన్నాడు. ఒక మొక్క పీకి, మొదలు దగ్గర కత్తితో నిలువునా చీల్చాను. తెల్లటి కట్టె లోపల, వేరు నుంచి పైదాకా, కాటుక గీసినట్టు నల్లటి చారలు. అది వాన చేసిన పని కాదు, ఎండు తెగులు. అంతకు ముందేడు కూడా అక్కడే కొంత ఎండింది. వాన కొరత అనుకుని, తొందరగా కోతకు వస్తుందని అవతలి ఒడ్డు నుంచి లూజు విత్తనం తెచ్చాడు. తొందరగానే వచ్చేది, కానీ దానికి తెగులును తట్టుకునే గుణం లేదు. రెండేళ్లు పోయాయి.

దీనికి సరిగ్గా ఎదురు కథ నార్నూర్ వైపు ఒక స్నేహితుడిది. గుట్ట వాలు మీద రాళ్ల చెలక. కంది ఎండితే షాపులో తెగులేనని చెప్పి ఆశ రకం ఇచ్చారు. ఆశ మంచిదే. కానీ 170 నుంచి 180 రోజుల పంట. జూన్ 20న వేస్తే డిసెంబర్ నడుమ దాకా నేలలో ఉండాలి. జానెడు మట్టి అంతకాలం తడి ఎక్కడ దాస్తుంది? మళ్లీ ఎండింది. చీలిస్తే లోపల కట్టె తెల్లగానే ఉంది.

నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఈ ఒక్క పొరపాటు వల్లే. ఏది ఎండబెట్టిందో తెలుసుకోకుండా రకం మార్చడం. తడి చూసి విత్తడం, సాలు దూరం లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

గుర్తులు ఇవి. ఎండు తెగులైతే చేను మడులుగా పోతుంది, ఒక్కోసారి ఒకే మొక్కలో ఒక పక్క కొమ్మ ఎండి రెండో పక్క పచ్చగా ఉంటుంది. కాండం మీద నేల నుంచి పైకి ఊదారంగు పట్టీ పాకుతుంది, చీలిస్తే నల్ల చారలు. తడి చాలకపోతే వాలు మీద, మొరం తేలిన చోట మొత్తం ఒకే తీరుగా వాడుతుంది, లోపల చారలు ఉండవు. జూలై, ఆగస్టుల్లో నీరు నిలిచిన చోట లేత మొక్క మొదలు గోధుమ రంగుకు తిరిగి, నొక్కుకుపోయి విరిగితే అది ఫైటోఫ్తోరా అనే మరో తెగులు. దీనికి రకం వెతుక్కోవద్దు, బోదెలు వేసి నీళ్లు బయటికి తీయండి. ఇక మొక్క ఎండదు, చావదు, గుబురుగా పెరిగి ఆకులు చిన్నవై వెలిసిపోయి పూత మాత్రం రాదు. అది వెర్రి తెగులు. కంటికి కనబడని నల్లి గాలిలో మోసుకొస్తుంది. పచ్చగా ఉంది కదా అని చివరిదాకా మందులు కొడుతూ కూర్చున్నవాళ్లను చూశాను.

ఇప్పుడు రకాలు. లోతు రేగడిలో ఎండు తెగులు, వెర్రి తెగులు రెండూ ఉంటే ఆశ, అంటే ఐసీపీఎల్ 87119. రెండింటినీ తట్టుకుంటుందని 1993లో విడుదల చేశారు. అంతకాలం నేలలో ఉంచలేమంటే బద్నాపూర్ పరిశోధన కేంద్రం ఇచ్చిన బీడీఎన్ 711. 150 నుంచి 155 రోజులు, రెండు తెగుళ్లనూ తట్టుకుంటుంది. వరంగల్ రుద్రేశ్వర, డబ్ల్యూఆర్‌జీ 65, ఎండు తెగులుకు పనికొస్తుంది. మారుతి రకం దగ్గర జాగ్రత్త. ఎండు తెగులును బాగా ఆపుతుంది, వెర్రి తెగులుకు మాత్రం ఇట్టే లొంగుతుంది. ఎంతగానంటే, వెర్రి తెగులు పరీక్షల్లో తెగులు పాకించడానికి శాస్త్రవేత్తలు ఆ రకాన్నే నాటుతారు. ఎల్‌ఆర్‌జీ 41 రకాన్ని ఎండు తెగులు ఉన్న చేనులో వేయొద్దు. ఉట్నూరు, నార్నూర్, గాదిగూడ గుట్టల చెలకలకు 130 నుంచి 135 రోజుల ఉజ్వల, పీఆర్‌జీ 176. వానలు వెనక్కి పోయాక నేలలో మిగిలిన తడితోనే గట్టెక్కుతుంది. మన జిల్లాలో వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడుతుందని ధైర్యపడకండి. అందులో ఎక్కువ భాగం జూలై, ఆగస్టుల్లోనే పడి పోతుంది. కంది కాయ పట్టేది నవంబర్‌లో.

లూజు విత్తనం సంగతి. "ఇది కూడా ఆశే" అంటారు. కావచ్చు, నాలుగేళ్ల కిందటి ఆశ. కందికి తేనెటీగలు పక్క చేను పుప్పొడి తెచ్చి కలుపుతాయి, వరిలా కాదు. ఏటా ఇంటి గింజే వేస్తూ పోతే పేరు మిగులుతుంది, తట్టుకునే గుణం పల్చబడుతుంది. సంచికి నీలి ట్యాగ్ ఉన్న ధ్రువీకరించిన విత్తనమే కొనండి. ట్యాగ్ దాచుకోండి.

"పత్తి పంటే కదా, కంది ఒక్క సాలే" అనకండి. ఆ ఒక్క సాలు ఏటా అదే చేనులో ఉంటే ఎండు తెగులు తెచ్చే బూజుకు ఏటా అన్నం పెట్టినట్టే. అది కంది మోళ్ల మీద నేలలో మూడేళ్లదాకా బతుకుతుంది. ఎండిన చేనుకు మూడేళ్లు కంది ఆపండి. జొన్న వేయండి. ఆపలేకపోతే కందిలో జొన్న కలపండి, తెగులు తగ్గుతుంది.

ఎండిన మొక్కలను వేరుతో సహా పీకి కాల్చండి. దున్ని కలపొద్దు.

గట్ల మీద, పెరట్లో మిగిలిన పాత కంది చెట్లు తీసేయండి. నల్లి, వెర్రి తెగులు రెండూ వేసవిలో దాక్కునేది వాటి మీదే.

కిలో విత్తనానికి తెగులు బూజును అణిచే మేలు బూజు, ట్రైకోడెర్మా, పది గ్రాములు పట్టించండి. అదే రోజు కార్బండజిమ్ అనే బూజు మందు కలపొద్దు, అది ట్రైకోడెర్మాను చంపేస్తుంది. మొక్కకు నత్రజని అందించే రైజోబియం సూక్ష్మజీవిని చివర్న, నీడలో పట్టించండి.

పక్క చేను దిగుబడి చూసి రకం తేవొద్దు. ఆ చేను మట్టి వేరు, ఆ చేను రోగం వేరు.

చేనంతా కొత్త రకం ఒకేసారి వేయొద్దు.

ఆగస్టులో ఒకసారి, పూతకు ముందు ఒకసారి, కాయ మీద ఒకసారి చేనంతా తిరగండి. వాడిన మొక్క కనబడితే అక్కడికక్కడే చీల్చండి. ఏ సాలు, ఏ మూల అని రాసుకోండి. గుర్తు తెలియకపోతే మొక్కను వేరు మట్టితో సహా ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకెళ్లండి.

ఈ ఏటి విత్తనం ఇంకా కొనలేదంటే ఇంటి వెనక పోయినేటి కంది కట్టెల కుప్ప ఉండే ఉంటుంది. పొయ్యిలో పెట్టకముందే ఎండిన చేనువి పది మొదళ్లు తీసి చీల్చి చూడండి. షాపుకు ఆ తర్వాత పోండి.