అమెరికాలో ఎం.ఆర్క్ చదవడం ఎలా? అప్లికేషన్ నుంచి స్టూడియో దాకా, స్టూడియో నుంచి లైసెన్స్ దాకా

ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ చేద్దామనుకునేవాళ్లు చాలామంది ముందు కాలేజీ పేరు చూస్తారు, తర్వాత ర్యాంకు చూస్తారు, ఫీజు చూసి కంగారు పడతారు. ఇవన్నీ చూడాల్సినవే కానీ వాటికంటే ముందు చూడాల్సింది ఇంకోటుంది. ఒకే కాలేజీలో ఎం.ఆర్క్ అనే పేరుతోనే రెండు మూడు రకాల కోర్సులుంటాయి, వాటిలో అన్నీ ఆర్కిటెక్ట్ లైసెన్స్‌కి దారి తీయవు. చేరాక తెలిస్తే చాలా బాధగా ఉంటుంది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నా.

1. ముందు ఏ ఎం.ఆర్క్ కావాలో తేల్చుకోండి

అమెరికాలో ఆర్కిటెక్చర్ డిగ్రీలకి గుర్తింపు ఇచ్చేది నేషనల్ ఆర్కిటెక్చరల్ అక్రెడిటింగ్ బోర్డ్, అందరూ నాబ్ అనే అంటారు, 1940 నుంచి ఉంది. వాళ్లు గుర్తింపు ఇచ్చేది కాలేజీకి కాదు, డిగ్రీ ప్రోగ్రామ్‌కి. కాబట్టి "ఆ కాలేజీకి నాబ్ ఉంది కదా" అనుకుని వదిలేయకండి, మీరు చేరబోయే ప్రోగ్రామ్ పేరు నాబ్ లిస్టులో ఉందో లేదో మీరే చూసుకోండి.

డిగ్రీలో ఆర్కిటెక్చర్ కాకుండా వేరే ఏదో చదివినవాళ్లకి, అంటే ఎకనామిక్స్, ఇంజినీరింగ్, లిటరేచర్ ఏదైనా సరే, మూడేళ్లు లేదా మూడున్నరేళ్ల కోర్సు ఉంటుంది. నాలుగేళ్ల ప్రీ-ప్రొఫెషనల్ ఆర్కిటెక్చర్ డిగ్రీ చేసినవాళ్లకి చాలా చోట్ల రెండేళ్లు సరిపోతుంది. ఇక అయిదేళ్ల బి.ఆర్క్ అయిపోయినవాళ్ల కోసం పోస్ట్-ప్రొఫెషనల్ అని ఇంకోటుంది. రీసెర్చ్‌కీ, స్పెషలైజేషన్‌కీ అది బాగుంటుంది కానీ దానికి నాబ్ గుర్తింపు ఉండదు. బయటి దేశంలో బి.ఆర్క్ చేసొచ్చి ఇందులో చేరేవాళ్లు లైసెన్స్ కావాలనుకుంటే, తమ పాత డిగ్రీని ఈసా అనే పద్ధతిలో నాబ్ దగ్గర మదింపు చేయించుకోవాలి, లేదంటే నాబ్ గుర్తింపున్న ప్రొఫెషనల్ ఎం.ఆర్క్‌లోనే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్, అంటే పాత చదువుని లెక్కలోకి తీసుకుని నేరుగా పై సెమిస్టర్‌లో చేర్చుకోవడం, ఇస్తారా అని కాలేజీని అడగాలి. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో నాబ్ డిగ్రీ లేకపోయినా ఎక్కువ అనుభవం చూపించి లైసెన్స్ తెచ్చుకునే దారుంది, కానీ అది పొడుగు దారి.

2. అప్లికేషన్, ముఖ్యంగా పోర్ట్‌ఫోలియో

డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో వస్తాయి. రికమండేషన్ లెటర్లు, స్టేట్‌మెంట్, ట్రాన్స్‌క్రిప్టులు అందరూ అడిగేవే. జీఆర్ఈ చాలా కాలేజీలు తీసేశాయి కాబట్టి విడివిడిగా చెక్ చేసుకోండి. మూడేళ్ల కోర్సుకి కొన్ని కాలేజీలు ముందే కాల్‌క్యులస్, ఫిజిక్స్ చదివి ఉండాలంటాయి, అది చివర్లో తెలిస్తే ఏడాది పోతుంది.

అసలు టైమ్ పెట్టాల్సింది పోర్ట్‌ఫోలియో మీద, అంటే మీరు చేసిన పనులు కూర్చిన పుస్తకం మీద. ఆర్కిటెక్చర్ చదవనివాళ్లు "నా దగ్గర బిల్డింగులు లేవు కదా" అని భయపడతారు, మీ దగ్గర బిల్డింగులు ఉండాలని ఎవరూ అనుకోరు. చేత్తో వేసిన స్కెచ్‌లు, ఫొటోలు, కుండలు, కుర్చీ, కుట్టిన బట్టలు ఏవైనా పనికొస్తాయి, కాకపోతే పూర్తయిన వస్తువు ఫొటో ఒక్కటే పెట్టకుండా అది ఎలా మారుతూ వచ్చిందో చూపించండి, మొదటి గీత, పనికిరాని ప్రయత్నం, మార్చిన భాగం, ఎందుకు మార్చారన్నది రెండు లైన్లలో. చూసేవాళ్లు వెతికేది అదే, ఈ మనిషి చేస్తూ ఆలోచించగలడా లేదా అని. బాగా చేసినవి నాలుగైదు చాలు, పేజీలు నింపడానికి బలహీనమైనవి కలిపితే మంచివాటి బలం కూడా తగ్గిపోతుంది.

3. సీటు వచ్చాక స్టూడియో చూసి రండి

స్టూడియో అంటే డిజైన్ క్లాసూ, అది జరిగే గదీ కూడా. వీలైతే వెళ్లి చూడండి, లేకపోతే ఆన్‌లైన్ ఓపెన్ హౌస్‌కైనా హాజరవ్వండి, ఎందుకంటే మీ రోజుల్లో ఎక్కువ భాగం గడిచేది ఆ గదిలోనే. హార్వర్డ్‌లో గండ్ హాల్ అని 1972లో కట్టిన బిల్డింగ్ ఉంది, అందులో స్టూడియోలన్నీ ఒకే పెద్ద కప్పు కింద మెట్లు మెట్లుగా పేర్చినట్టు ఉంటాయి, పై తరగతి వాళ్ల పని కింద నుంచే కనిపిస్తుంది. యేల్‌లో అయితే 1967 నుంచి ఫస్ట్ ఇయర్ వాళ్లు కలిసి డిజైన్ చేసి నిజంగానే ఒక కట్టడం కట్టేస్తారు. ఇలాంటివి బ్రోషర్‌లో ఒక లైను, చదువులో మాత్రం చాలా తేడా. అక్కడున్న స్టూడెంట్స్‌ని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి, రివ్యూకి, అంటే మీ ప్రాజెక్టుని అందరి ముందు పెట్టి విమర్శ వినే రోజుకి, ముందు వారం ఎన్ని గంటలు నిద్రపోతారని.

4. స్టూడియోలో బతకడం

మొత్తం చదువుకి గుండె ఇదే. వారంలో కొన్ని మధ్యాహ్నాలు టీచర్ మీ టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చుంటారు, దాన్ని డెస్క్ క్రిట్ అంటారు. దానికి వట్టి చేతులతో వెళ్లొద్దు, మాటలతో అసలే వెళ్లొద్దు. "నేను ఇలా అనుకుంటున్నాను" అని పావుగంట వివరిస్తే టీచర్‌కి కూడా మాటల్లోనే జవాబివ్వడం తప్ప వేరే దారుండదు, ఆ తర్వాత మీరు సీట్లోకి వెళ్లి ఏం గీయాలో తెలియక కూర్చుంటారు. అదే ఒక ప్లాన్, ఒక సెక్షన్ (బిల్డింగ్‌ని నిలువుగా కోసినట్టు చూపించే డ్రాయింగ్), అట్టతో చేసిన చిన్న మోడల్ మూడు రకాలుగా టేబుల్ మీద పెడితే వాళ్ల వేలు నేరుగా తప్పు ఉన్న చోటికి పోతుంది. మోడల్ నీట్‌గా ఉండక్కర్లేదు, చింపి అతికించినా పర్లేదు. క్రిట్ అయిన వెంటనే వాళ్లు అన్నది రాసుకోండి, అందులో మీకు నచ్చింది కాదు, మళ్లీ మళ్లీ వచ్చింది ఏదో దాని కింద గీత గీయండి.

స్కేల్‌తో గీయడం మొదటి వారం నుంచే అలవాటు చేసుకోండి. రైనో అనే 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో జూమ్ చేస్తూ పోతే ఎంత చిన్న గది అయినా పెద్దగానే కనిపిస్తుంది, ప్రింట్ తీసి 1/8 అంగుళం = 1 అడుగు స్కేల్‌లో చూస్తే అప్పుడు తెలుస్తుంది మెట్లు పట్టవని. కొన్ని కొలతలు నోటికి వచ్చేయాలి: మెట్టు ఎత్తు మామూలుగా 7 అంగుళాలు మించకూడదు, అడుగు పెట్టే భాగం 11 అంగుళాలకి తగ్గకూడదు, ర్యాంప్ వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు, తలుపు తెరిస్తే కనీసం 32 అంగుళాలు ఖాళీ రావాలి, వీల్‌చెయిర్ తిరగడానికి 60 అంగుళాల వృత్తం కావాలి. ఇవి తర్వాత చూసుకోవచ్చు అనుకునేవి కాదు, వీల్‌చెయిర్‌లో వచ్చే మనిషి మీ బిల్డింగ్‌లోకి రాగలదా లేదా అన్నది వీటి మీదే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆందోళన వద్దు. చేరే ముందు సమ్మర్‌లో రైనో, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ బేసిక్స్ చూసుకుంటే చాలు, బిల్డింగ్ డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ రెవిట్ తర్వాత వస్తుంది, దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ స్టూడెంట్స్‌కి ఫ్రీగానే ఇస్తుంది.

5. మిగతా సబ్జెక్టుల్ని స్టూడియో మింగేయకుండా చూసుకోండి

స్ట్రక్చర్స్, ఎన్విరాన్‌మెంటల్ సిస్టమ్స్, హిస్టరీ, ప్రొఫెషనల్ ప్రాక్టీస్ ఇవన్నీ ఉంటాయి. స్టూడియోకి అందరూ కూర్చుని చూసే రివ్యూ ఉంది, వీటికి లేదు, అందుకే వెనకబడిపోతాయి. ఒక పని చేయండి, ఆ వారం స్ట్రక్చర్స్‌లో బీమ్ గురించి చెప్తే మీ స్టూడియో ప్రాజెక్టులో ఒక బీమ్ తీసుకుని దాని సైజు లెక్కకట్టండి. హోంవర్కూ అర్థమవుతుంది, మీ సెక్షన్‌లో స్లాబ్ కాగితంలా పల్చగా ఉండటమూ ఆగిపోతుంది.

6. రివ్యూకి వెనక నుంచి లెక్కేసుకోండి

ఫైనల్ రివ్యూ డేట్ తీసుకుని వెనక్కి రండి. ఒక వారం ముందు డిజైన్ ఆపేయాలి, ఆపేయడం అంటే నిజంగా ఆపేయడం, ఆ వారమంతా డ్రాయింగులు, మోడల్, బోర్డుల లేఅవుట్‌కే. ప్లాటర్ (పెద్ద షీట్ల ప్రింటర్) దగ్గరా లేజర్ కట్టర్ దగ్గరా చివరి రెండు రోజులు క్యూ ఉంటుంది కాబట్టి ప్రింట్ ఒక రోజు ముందే తీసేయండి. రివ్యూ ముందు రాత్రి నిద్రపోండి, ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నా. నిద్ర లేకుండా పని చేయడాన్ని గొప్పగా చెప్పుకునే అలవాటు ఈ చదువులో ఎప్పటినుంచో ఉంది, విద్యార్థి సంఘం ఏఐఏఎస్ 2002లో దీని మీదే రిపోర్ట్ ఇచ్చింది, ఆ తర్వాత స్టూడియో వాతావరణం గురించి కాలేజీలు రాతపూర్వకంగా పాలసీ పెట్టాలని నాబ్ అడిగింది. మీ కాలేజీ పాలసీ అడిగి తీసుకుని చదవండి, నిద్ర చాలని మనిషి కట్టర్‌తో అట్ట కోస్తే వేళ్లు తెగుతాయి.

రివ్యూలో మాట్లాడేటప్పుడు ప్రాజెక్ట్ ఏంటో మొదటి నిమిషంలోనే చెప్పేయండి. మీ తరఫున నోట్స్ రాయమని పక్క స్టూడెంట్‌ని అడగండి, ఆ టెన్షన్‌లో మీకు సగం కూడా గుర్తుండవు.

7. లైసెన్స్ పని చదువుతుండగానే మొదలుపెట్టండి

లైసెన్స్‌కి డిగ్రీ ఒక్కటే చాలదు. ఏఎక్స్‌పీ అనే అనుభవం 3,740 గంటలు ఉండాలి, అందులో కనీసం 1,860 గంటలు ఆర్కిటెక్చర్ ఫర్మ్‌లోనే చేయాలి, ఆపైన ఏఆర్‌ఈ అనే పరీక్ష ఆరు భాగాలుగా రాయాలి. ఇవన్నీ చూసేది ఎన్‌కార్బ్ అనే సంస్థ. డిగ్రీ అయ్యాకే గంటలు లెక్కలోకి వస్తాయి అనుకునేవాళ్లు ఉన్నారు, అది నిజం కాదు, సమ్మర్‌లో చేసిన పని కూడా లెక్కకి వస్తుంది. అందుకే మొదటి సమ్మర్ జాబ్‌కి ముందే ఎన్‌కార్బ్ రికార్డ్ తెరిచి, గంటలు ఎప్పటికప్పుడు ఎంటర్ చేసి సూపర్‌వైజర్‌తో అప్రూవ్ చేయించుకోండి, వాళ్లు ఉద్యోగం మారాక పట్టుకోవడం కష్టం. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ అనే పని అనుమతి తీసుకోవాలి కాబట్టి ఆఫర్ రాగానే ముందు ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి వెళ్లండి, పర్మిషన్ చేతికి వచ్చాకే పనిలో చేరండి.